దేశం ఎదిగిందో లేదో కాగితం మీద లెక్క కట్టడం ఎలా

మా మేనకోడలు శ్రీకాకుళంలో రూము తీసుకుని గ్రూప్-2కి చదువుతోంది. ఓ రాత్రి పదిన్నరకి ఫోన్ చేసింది.

"మావయ్యా, మానవాభివృద్ధి సూచీలో ఇండియా 193 దేశాల్లో 130 అట. అంటే బాగున్నట్టా, లేనట్టా?"

"ఆ 130 ఎలా వచ్చిందో తెలుసా?"

"బిట్టు వరకే చదివాను. లెక్క ఎవరికి తెలుస్తాది?"

లెక్క తెలియకుండా ర్యాంకు బట్టీ పట్టడం అంటే తూకం చూడకుండా బస్తాకి డబ్బులివ్వడమే. నేను గణాంక శాఖలో మండల స్థాయిలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యాను. పంట కోత ప్రయోగాలు, సంతలో ధరల సేకరణ, జనాభా లెక్కలు, ఏ సర్వే వచ్చినా అట్ట, పెన్ను పట్టుకుని ఊళ్లు తిరిగిన వాణ్ణి. దేశాల ర్యాంకులు న్యూయార్కులో పుడతాయని జనం అనుకుంటారు. అవి పుట్టేది మన కల్లంలో, అంగన్‌వాడీ తూకం మెషిన్ దగ్గర, ఆశా వర్కరు రిజిస్టర్లో. ఆ పిల్లకి నాలుగు ఆదివారాలు ఫోన్లో చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

కావలసినవి ఒక నోటు పుస్తకం, పెన్సిలు, ఫోన్లో కాలిక్యులేటర్. చాలా ఫోన్లని అడ్డంగా తిప్పితే ఎల్ ఎన్ అని రాసి ఉన్న బటన్ కనిపిస్తుంది. అది ఒక్కసారి పనికొస్తుంది. మొదటి పేజీ పైన పెద్దక్షరాలతో ఇది రాసుకోండి: లవం అందరూ చూస్తారు, నేను హారం చూస్తాను. ఎంతమంది, ఎన్ని కిలోలు, ఎన్ని డాలర్లు అన్నది లవం. దేనితో భాగించారన్నది హారం. మోసమైనా పొరపాటైనా ఎక్కువగా కింది గదిలోనే కాపురం ఉంటుంది.

ముందు మడిలోకి దిగుదాం

సూచీల జోలికి పోయే ముందు ఒక అంకె ఎలా పుడుతుందో దగ్గర నుంచి చూడాలి. వరి పంట కోత ప్రయోగం తీసుకుందాం. ఊరినీ, సర్వే నంబరునీ ర్యాండమ్ నంబర్ల పట్టిక చూసి ఎంచుతారు. మడికి నైరుతి మూలన నిలబడి, పట్టిక ఇచ్చిన అంకెల ప్రకారం పొడవు వెంట కొన్ని అడుగులు, వెడల్పు వెంట కొన్ని అడుగులు వేస్తాం. అక్కడ మేకులు దిగ్గొట్టి ఐదు మీటర్లకు ఐదు మీటర్ల చదరం కడతాం. ఆ పాతిక చదరపు మీటర్లలో ఉన్న వరి కోసి, నూర్చి, తూర్పారబట్టి, తూకం వేస్తాం. హెక్టారంటే పది వేల చదరపు మీటర్లు కాబట్టి ఆ తూకాన్ని 400తో గుణిస్తే హెక్టారు దిగుబడి. అంటే తక్కెడలో వంద గ్రాములు అటూ ఇటూ అయితే రికార్డులో నలభై కిలోలు అటూ ఇటూ అవుతాయి.

పంటల బీమా ఊసు లేని రోజుల్లో రైతు "ఇటు రండి బాబూ, ఇక్కడ వెన్ను బాగుంది" అని పిలిచేవాడు. బీమా వచ్చాక అదే రైతు "అటేపు నీరు నిలిచిపోయింది బాబూ, అక్కడ కోయండి" అంటాడు. రెండు సార్లూ నవ్వేసి పట్టిక చెప్పిన చోటే కోయాలి. టీ మాత్రం తాగొచ్చు.

ఇక నా పొరపాటు. ఒక ఏడాది టేపు తెగిపోతే, కొత్తది వచ్చేలోగా పని ఆగకూడదని జనపనార తాడుకి ఐదు మీటర్ల దగ్గర ముడులు వేసుకుని వెళ్లాను. ముందు రాత్రి వాన. సైకిల్ క్యారేజీ మీదున్న తాడు తడిసింది. జనపనార తడిస్తే కుదించుకుపోతుంది. మర్నాడు ఎందుకో అనుమానం వచ్చి కొత్త టేపుతో కొలిస్తే ఐదు మీటర్ల ముడి 4.8 దగ్గరుంది. ఇరవై సెంటీమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ చదరం కదా, రెండు వైపులా తగ్గింది: 4.8ని 4.8తో గుణిస్తే 23.04. నేను 23 చదరపు మీటర్ల ధాన్యం తూచి, పాతిక మీటర్లదని రాశాను. ఆ రైతు పొలం దిగుబడి నా చేతి మీదుగా దాదాపు 8 శాతం పడిపోయింది. తూకం సరిగ్గానే ఉంది. తప్పంతా హారంలో ఉంది. ఆ రీడింగ్ రాయడానికి ఐదు నిమిషాలు పట్టింది, కొట్టేయించడానికి రెండు వారాలు తిరిగాను.

ఇలాంటి పాతిక చదరపు మీటర్లన్నీ కలిసే జిల్లా దిగుబడి అవుతాయి. జిల్లాలు కలిసి రాష్ట్రం, రాష్ట్రాలు కలిసి దేశపు వ్యవసాయ ఉత్పత్తి, అదే జీడీపీలో ఓ ముక్క. అందుకని ఏ అంకె కనిపించినా దాని పక్కన మూడు రాసుకోవడం అలవాటు చేసుకోండి: ఎవరు కొలిచారు, ఏ నెలలో కొలిచారు, దేనితో భాగించారు.

జీడీపీతో ఎక్కడ ఆగాలి

దీని మీద ఎక్కువసేపు కూర్చోనక్కర్లేదు. జీడీపీ అంటే ఒక ఏడాదిలో దేశంలో తయారైన సరుకులు, సేవల విలువ. జాతీయాదాయం లెక్కలకు ఒక రూపం తెచ్చిన సైమన్ కుజ్నెట్సే 1934లో అమెరికా సెనేటుకిచ్చిన నివేదికలో, ఈ అంకె చూసి ప్రజల బాగోగులు అంచనా వేయలేమని హెచ్చరించాడు. తొంభై ఏళ్లయినా మనం అదే చేస్తున్నాం.

మన దగ్గర తిత్లీ తుఫాను గుర్తు చేసుకోండి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. ఆ చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి తోటలు పడుకుండిపోయాయి. ఆ తర్వాత కరెంటు స్తంభాలు పాతారు, తీగలు లాగారు, చెట్లు కోసే మెషిన్లకి కిరాయిలు ఇచ్చారు, రేకులు కొన్నారు. ఇదంతా ఆ ఏడాది ఉత్పత్తి కిందే వస్తుంది. పడిపోయిన కొబ్బరి చెట్టు విలువ మాత్రం ఎక్కడా తీసివేతలోకి రాదు. తర్వాతి ఏళ్లలో రాని కాయల రూపంలో కొంచెం కొంచెంగా కనిపిస్తుందంతే. కొబ్బరి మొక్క కాపుకొచ్చేసరికి ఆ ఇంటి పిల్ల హైస్కూలు దాటేస్తుంది. సుస్థిరాభివృద్ధి, అంటే రేపటివాళ్లకి లోటు రాకుండా ఎదగడం, అనే మాట ఎందుకు పుట్టిందో ఆ తోటలో నిలబడితే వివరించనక్కర్లేదు.

మానవాభివృద్ధి సూచీ: ఒక గంట పని

ఇది 1990లో పాకిస్తాన్ ఆర్థికవేత్త మహబూబ్ ఉల్ హక్ పూనికతో, అమర్త్య సేన్ సాయంతో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ మొదలుపెట్టిన లెక్క. ఆయుష్షు, చదువు, ఆదాయం, ఈ మూడే. 2025 నివేదికలో మనకిచ్చిన అంకెలు (2023 నాటివి) నాలుగు రాసుకోండి. ఆయుర్దాయం 72 ఏళ్లు. ఇప్పుడు బడిలో చేరే పిల్ల చదువుతుందని అంచనా వేసిన ఏళ్లు 13. పాతికేళ్లు, అంతకు పైబడినవాళ్లు సగటున చదివిన ఏళ్లు 6.9. తలసరి జాతీయాదాయం 9,047 డాలర్లు.

ఆ డాలర్లు బ్యాంకు డాలర్లు కావు, కొనుగోలు శక్తి డాలర్లు. మా మేనకోడలికి ఇది ఎక్కలేదు. కుంచాలతో చెప్పాను. మా చిన్నప్పుడు ఒక్కో ఊరి కుంచం ఒక్కోలా ఉండేది. మా ఊరి కుంచంతో ధాన్యం అప్పు తెచ్చి, పక్క ఊరి కుంచంతో తీరిస్తే తగువే. పెద్దమనిషి వచ్చి రెండు కుంచాలూ ఒకే తవ్వతో కొలిపించి తేల్చేవాడు. కొనుగోలు శక్తి సవరణ అంటే ఆ పెద్దమనిషి చేసిన పనే. అమెరికాలో ఒక డాలరుకి వచ్చే సరుకు ఇక్కడ ఎన్ని రూపాయలకి వస్తుందో చూసి అందరి ఆదాయాన్నీ ఒకే తవ్వలోకి తెస్తారు. బ్యాంకు రేటుతో మార్చితే మన తలసరి ఇందులో మూడో వంతు కూడా ఉండదు.

ఇప్పుడు లెక్క. ప్రతి అంకెకీ ఒక అడుగు, ఒక కొస ఉంటాయి. మన అంకె అడుగు నుంచి ఎంత పైకి వచ్చిందో దాన్ని మొత్తం ఎత్తుతో భాగించాలి. ఆయుష్షుకి అడుగు 20, కొస 85. 72లోంచి 20 తీస్తే 52, దాన్ని 65తో భాగిస్తే 0.800. చదువుకి 13ని 18తో భాగిస్తే 0.722, 6.9ని 15తో భాగిస్తే 0.460, రెండింటి సగటు 0.591.

ఆదాయానికి అడుగు 100 డాలర్లు, కొస 75,000. ఇక్కడే ఆ ఎల్ ఎన్ బటన్. 9,047ని 100తో భాగిస్తే 90.47, దాని మీద బటన్ నొక్కితే 4.505. 75,000ని 100తో భాగిస్తే 750, బటన్ నొక్కితే 6.620. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 0.680. ఆ బటన్ చేసే పనిని లాగ్, అంటే సంవర్గమానం, అంటారు. ఎందుకీ లాగ్ అంటే, ఇటుకల బట్టీలో పనిచేసే ఇంటికి నెలకి రెండు వేలు అదనంగా వస్తే పిల్లలకి గుడ్డు వస్తుంది, మందులు వస్తాయి. బంగారం కొట్టు యజమానికి అదే రెండు వేలు ఓ పూట హోటల్ బిల్లు. ఆదాయం పెరిగేకొద్దీ ఒక్కో రూపాయి విలువని లాగ్ తగ్గించుకుంటూ పోతుంది.

చివరగా మూడింటినీ గుణించి ఘనమూలం తీయండి. 0.800, 0.591, 0.680 గుణిస్తే 0.32 చిల్లర, ఘనమూలం 0.685. నివేదికలో అచ్చయిందీ అదే. మా పిల్ల ఫోన్లో "వచ్చేసింది మావయ్యా!" అని అరిచిన అరుపుకి పక్క రూమువాళ్లు లేచారట.

2010కి ముందు మామూలు సగటు తీసేవారు. అలా చేస్తే 0.690 వస్తుంది. గుణించడం వల్ల వెనకబడ్డ సబ్జెక్టు మొత్తం మార్కుని కిందికి లాగుతుంది, మనకి అది చదువు. 0.700 దాటితే 'ఉన్నత' వర్గం, మనం ఇంకా 'మధ్యమ'లో గుమ్మం దగ్గరున్నాం. బంగ్లాదేశ్‌దీ సరిగ్గా ఇదే 0.685, ఇదే 130. అందుకే ర్యాంకు కన్నా విలువ చూడమంటాను. పక్కవాడు జారిపడ్డా మన ర్యాంకు పెరుగుతుంది.

ఇక హారం. 6.9 అనే అంకె పాతికేళ్లు నిండినవాళ్లది మాత్రమే. మా ఇంట్లో అమ్మ సున్నా, తమ్ముడు ఐదో తరగతి, నా భార్య పది, నేను డిగ్రీ పదిహేను. నలుగురికీ కలిపి 30, సగటు 7.5. మేనకోడలు పీజీ చేసింది, పదిహేడేళ్ల చదువు. కానీ వయసు ఇరవై నాలుగు. "నువ్వీ లెక్కలో ఇంకా పుట్టలేదమ్మా" అంటే దానికి కోపం వచ్చింది. ఈ ఒక్క సంగతి చాలు: ఈ రోజు బడులు ఎంత బాగుచేసినా ఆ 6.9 మెల్లగానే కదులుతుంది. ఒక ప్రభుత్వాన్ని మెచ్చుకోవడానికైనా తిట్టడానికైనా అది పనికిరాదు, 13 కొంత పనికొస్తుంది.

సగటు లోపల అసమానత దాక్కుంటుంది. దాన్ని కూడా లెక్కలోకి తెస్తే మన విలువలో 30.7 శాతం ఎగిరిపోయి 0.475 మిగులుతుందని అదే నివేదిక చెబుతోంది. పత్రికల్లో 0.685 హెడ్డింగులో ఉంటుంది, 0.475 లోపలి పేజీలో కూడా ఉండదు.

మంచం కదల్లేదు, జిల్లా కదిలింది

మా ఇల్లు రాజాంలో. 2022 ఏప్రిల్ 3 రాత్రి శ్రీకాకుళం జిల్లాలో పడుకుని, 4న పొద్దున్న విజయనగరం జిల్లాలో లేచాం. అదే రోజు పార్వతీపురం, పాలకొండ, సీతంపేట వైపు కొండ మండలాలన్నీ పార్వతీపురం మన్యం జిల్లా అయ్యాయి. అప్పటికి విజయనగరం, వెనకబడ్డ జిల్లాల కోసం 2018లో కేంద్రం పెట్టిన ఆకాంక్షిత జిల్లాల పథకంలో ఉండేది, దేశంలో 112 జిల్లాల్లో ఒకటి. అక్షరాస్యత తక్కువ, ఆసుపత్రి దూరం ఎక్కువ అయిన కొండ ఊళ్లు పక్క జిల్లాకి వెళ్లిపోతే మిగిలిన జిల్లా సగటు దానంతటదే పెరుగుతుంది. ఒక్క పిల్ల కూడా అదనంగా బడికి వెళ్లకుండా! కాబట్టి మన మూడు జిల్లాలకీ 2022కి ముందు అంకె, తర్వాత అంకె పక్కపక్కన కనిపిస్తే పోల్చకండి. పోల్చాలంటే మండలాల వారీ అంకెలు తెచ్చుకుని పాత సరిహద్దు మీరే కట్టుకోవాలి. విసుగు పని. వేరే దారి లేదు.

ఇంకో ఉచ్చు. 2011 జనాభా లెక్కల్లో వెయ్యిమంది మగవాళ్లకి శ్రీకాకుళంలో 1,015 మంది, విజయనగరంలో 1,019 మంది ఆడవాళ్లు. ఆహా, మన దగ్గర ఆడపిల్లకి ఎంత విలువో అని ఒక మీటింగులో ఓ పెద్దాయన ప్రసంగించాడు. హారం చూడండి: మగవాళ్లు. వాళ్లెక్కడున్నారు? హైదరాబాదులో సెంట్రింగు పనిలో, చెన్నైలో, గుజరాత్ వేరావల్‌లో బోట్ల మీద. ఆడపిల్లల పరిస్థితి తెలియాలంటే ఆరేళ్ల లోపు పిల్లల నిష్పత్తి చూడాలి, అక్కడ వెయ్యి దాటదు. సంక్రాంతికి లెక్కేస్తే ఒక జనాభా, ఆషాఢంలో లెక్కేస్తే ఇంకో జనాభా ఉండే ఊళ్లు మనవి.

2011 తర్వాత జనాభా లెక్కలు జరగక, ఇన్నేళ్లూ 'తలసరి' అన్న ప్రతి అంకె కిందా అంచనా జనాభానే కూర్చుంది. కొత్త లెక్కలకి ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. ఆ అంకెలు రాగానే చాలా సూచీలు ఒక్క రాత్రిలో మారతాయి, మన రాజాం మారినట్టే. అప్పుడు కంగారు పడకండి.

బీదరికం: 84 మార్కుల పరీక్ష

నాకు అన్నిటికన్నా ఇష్టమైన లెక్క ఇది. ఆదాయం అడగదు. అడిగితే ఎవరూ నిజం చెప్పరని ముప్పై ఏళ్ల అనుభవం. బహుముఖ పేదరిక సూచీ అంటారు. సబీనా ఆల్కైర్, జేమ్స్ ఫాస్టర్ అనే ఇద్దరు పద్ధతి తయారుచేశారు, 2010 నుంచి దేశాలకి వాడుతున్నారు. ఆ ప్రపంచ లెక్కలో పది అంశాలు. మన నీతి ఆయోగ్ గర్భిణి సంరక్షణ, బ్యాంకు ఖాతా కలిపి పన్నెండు చేసింది.

పుస్తకాల్లో 1/6, 1/12, 1/21 అని భిన్నాలు వేసి భయపెడతారు. నేను అన్నిటినీ 84తో గుణించి మార్కులు చేసుకున్నాను. ఇంట్లో లేమి ఉంటే ఆ మార్కులు పడతాయి. పోషకాహార లోపం ఉన్నవాళ్లుంటే 14. పిల్లలు చనిపోయి ఉంటే 7. గర్భిణికి నాలుగుసార్లు పరీక్షలు జరగకపోయినా, కాన్పుకి నిపుణులు లేకపోయినా 7. పదేళ్లు దాటినవాళ్లలో ఒక్కరూ ఆరేళ్ల చదువు పూర్తిచేయకపోతే 14. బడి వయసు పిల్ల బడికి పోకపోతే 14. మిగిలిన ఏడింటికి, అంటే వంట ఇంధనం, మరుగుదొడ్డి, తాగునీరు, కరెంటు, ఇల్లు, సామాన్లు, బ్యాంకు ఖాతాకి, తలా 4. మొత్తం 84. ఇందులో 28, అంటే మూడో వంతు, వచ్చిందా, ఆ ఇల్లు బీద ఇల్లు. ఈ పరీక్షలో పాసవ్వకూడదు.

ఒక ఇల్లు వేద్దాం. ఎవరిల్లో చెప్పను, రెండు మూడిళ్లు కలిపి చేసిన ఇల్లు అనుకోండి. కట్టెల పొయ్యి 4. గ్యాసు బండ ఉంది, పండగ పూటే వెలుగుతుంది, ఎక్కువగా దేని మీద వండుతారన్నదే లెక్క. మరుగుదొడ్డి అన్నదమ్ములిద్దరి కుటుంబాలకీ ఒకటే, 4. మట్టి నేల, 4. ఎవరూ ఆరో తరగతి పూర్తి చేయలేదు, 14. సైకిల్, ఫోన్ ఉన్నాయి కాబట్టి సామాన్ల మార్కు పడదు. కరెంటు, ఖాతా ఉన్నాయి. మొత్తం 26. బీద ఇల్లు కాదు!

ఇప్పుడు నీళ్లు. రక్షిత నీరు తెచ్చుకోవడానికి వెళ్లి రావడానికి అరగంట, అంతకు పైన పడితే 4 మార్కులు. వీధి చివర బోరు పనిచేసినన్నాళ్లూ సున్నా. మే నెలలో అది ఇంకిపోతే అవతలి తోట దాకా నడవాలి. 26కి 4 కలిపితే 30. ఆ ఇల్లు ఆగస్టులో బీదది కాదు, మే నెలలో బీదది. సర్వే ఏ నెలలో జరిగిందో అడగమన్నది ఇందుకే. నీతి ఆయోగ్ లెక్కలు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మీద నడుస్తాయి. 2019-21 సర్వే అంటాం గానీ మన రాష్ట్రంలో అది 2019లోనే, కరోనాకి ముందే అయిపోయింది.

ఇళ్లు అయ్యాక మనుషుల్ని లెక్కించండి, ఇళ్లని కాదు. వందమందిలో 15 మంది బీద ఇళ్లలో ఉంటే 0.15. ఆ 15 మందికీ సగటున 36 మార్కులు పడితే, 84తో భాగించి 0.43. రెండూ గుణిస్తే 0.064, అదే సూచీ. రెండో అంకె ఎందుకంటే, ఉత్త శాతమే చూస్తే అధికారులకి ఒక సులువు దొరుకుతుంది: 28 మార్కుల ఇంటికి ఒక సిమెంటు గచ్చు వేయించి 24కి దింపితే శాతం తగ్గుతుంది, 60 మార్కుల ఇంటి గుమ్మం తొక్కక్కర్లేదు. తీవ్రత కూడా గుణిస్తే ఆ 60 మార్కుల ఇంట్లో ఏం చేసినా లెక్కలో కనిపిస్తుంది. దేశం మొత్తం మీద బీదల శాతం 2015-16లో 24.85, 2019-21కి 14.96. పదమూడున్నర కోట్లమంది బయటపడ్డారని 2023లో ప్రకటించారు. నిజమే. ఎంతమంది 26 దగ్గర ఆగారో ఆ ప్రకటనలో ఉండదు.

పదిహేడు లక్ష్యాలు, వాటి కంతలు

2015 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితిలో 193 దేశాలు 2030కి గడువు పెట్టుకుని 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు ఒప్పుకున్నాయి. కింద 169 ఉప లక్ష్యాలు, వాటి కింద 230కి పైగా సూచికలు. అన్నీ చదవాలని కూర్చోకండి. మీ ఊరికి తగిలే మూడు తీసుకోండి.

మార్కు వేసే పద్ధతి పైన చూసిందే. అడుగు నుంచి ఎంత దూరం వచ్చామో దాన్ని లక్ష్యం వరకూ ఉన్న దూరంతో భాగించి 100తో గుణించడం. నీతి ఆయోగ్ రాష్ట్రాలకి అలాగే వేస్తుంది. 50 లోపు 'ఆకాంక్షి', 65 నుంచి 'ముందు వరస', 100 అయితే 'సాధించినవాడు'. దేశం మార్కు 2018లో 57, 2023-24లో 71. చిత్రమేమిటంటే సముద్రం గురించిన 14వ లక్ష్యాన్ని తీర రాష్ట్రాలకి మాత్రమే విడిగా వేస్తారు, మొత్తం మార్కులో కలపరు. రాష్ట్రంలో అన్నిటికన్నా పొడవైన తీరం శ్రీకాకుళానిది. మా బెస్తవాళ్ల బాగోగులు ఆ 71లో ఎక్కడో వెతకాలి.

తల్లుల మరణాలు తీసుకుందాం. ప్రపంచ లక్ష్యం బతికి పుట్టిన లక్ష మంది బిడ్డలకి 70 మరణాల లోపు. 2018-20లో దేశానికి 97, ఆంధ్రప్రదేశ్‌కి 45. మనం దాటేశాం. దీన్ని మండలానికి దింపితే? ఏడాదికి 800 మంది బిడ్డలు పుట్టే మండలం అనుకోండి. ఒక్క తల్లి పోతే రేటు 125. ఎవరూ పోకపోతే సున్నా. ఇద్దరు పోతే 250, కలెక్టరాఫీసు నుంచి ఫోన్లు, అందరికీ టెన్షన్. హారం చిన్నదైతే రేటు గంతులు వేస్తుంది. అలాంటి చోట రేటు మానేసి, ఆ ఒక్క మరణం ఎలా జరిగిందో, అంబులెన్సు ఎన్ని గంటలకొచ్చిందో కూర్చుని రాయడమే సరైన కొలత.

అన్నిటికన్నా పెద్ద కంత ఉద్దానం చూపిస్తుంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కారణం పూర్తిగా తేలని కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా మనుషుల్ని తీసుకుపోతోంది. పోయేది ఎక్కువగా పనిచేసే వయసువాళ్లు. అంటువ్యాధులు కాని జబ్బులతో అకాల మరణాలు తగ్గించాలని 3వ లక్ష్యం కింద ఒక సూచిక ఉంది: 30 నుంచి 70 ఏళ్ల మధ్య చనిపోయే అవకాశం ఎంత అని. ఏ జబ్బులతో? గుండె, రక్తనాళాల జబ్బులు, క్యాన్సర్, మధుమేహం, దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధులు. కిడ్నీ ఆ నాలుగింటిలో లేదు. ఉద్దానంలో ఒక మనిషి నలభై ఐదేళ్లకి డయాలసిస్ మంచం మీద పోతే, ఆ సూచిక ఒక వెంట్రుకంత కూడా కదలదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. వాటి వల్ల ప్రాణాలు నిలిచినా ఆ సూచిక కదలదు. సూచికల జాబితా చేతికి రాగానే ఏముందో చదివే ముందు, మీ ఊళ్లో మనుషులు దేనితో పోతున్నారో రాసుకుని అది అందులో ఉందో లేదో చూడండి.

మీ పంచాయతీ మార్కు

దేశం, రాష్ట్రం అయ్యాక సొంత ఊరు. పంచాయతీరాజ్ శాఖ ఈ లక్ష్యాలని తొమ్మిది అంశాలుగా కుదించి పంచాయతీ అడ్వాన్స్‌మెంట్ ఇండెక్స్ తయారుచేసింది: పేదరికం, ఆరోగ్యం, పిల్లలు, నీరు, పచ్చదనం-పారిశుద్ధ్యం, వసతులు, సామాజిక న్యాయం, సుపరిపాలన, మహిళలు. 2022-23 సంవత్సరానికి మొదటి ఫలితాలు 2025 ఏప్రిల్‌లో వచ్చాయి. 2.16 లక్షల పంచాయతీల్లో ముందు వరసలో 699, 'సాధించినవి' ఒక్కటీ లేదు. నాకు ఈ సున్నా మీద నమ్మకం కుదిరింది. మొదటి ఏడాదే వందల పంచాయతీలకి నూటికి నూరు వచ్చి ఉంటే పుస్తకం మూసేసేవాణ్ణి.

ఊరి సచివాలయానికి వెళ్లి మీ పంచాయతీకి పంపిన అంకెలు చూపించమనండి. తొమ్మిదీ అడగొద్దు, నీటి అంశం ఒక్కటి అడగండి. కుళాయి కనెక్షన్లు ఎన్ని అని రాసుంటుంది. నీళ్లు వారానికి ఎన్ని రోజులు వస్తున్నాయో మీరు పక్కన రాసుకోండి. గ్రామసభలో చదవడానికి ఆ రెండు వరసలు చాలు, ప్రసంగం అక్కర్లేదు. గొంతు పెంచితే ఎదుటివాళ్లు మీ గొంతు గురించి మాట్లాడతారు, అంకె పక్కకి పోతుంది.

మొన్న సంక్రాంతికి మేనకోడలు వాళ్ల నాన్నమ్మగారి ఊరు వెళ్లి, 84 మార్కుల కాగితం పట్టుకుని ఒక వీధంతా తిరిగింది. సాయంత్రం ఫోన్.

"మావయ్యా, ఒక ఇంటికి 26 వచ్చాయి. నీళ్లకి నేనే వాళ్లతో నడిచాను. ఇరవై ఎనిమిది నిమిషాలు పట్టింది. 4 వేయాలా, వద్దా?"

"బిందె ఎవరు మోశారు?"

"తిరిగొచ్చేటప్పుడు ఆవిడ మోసింది. నేను ఫోన్లో టైం చూస్తున్నాను."

"రేపు బిందె నువ్వు మొయ్యి. మే నెలలో మళ్లీ వెళ్లి నడు. రెండు తేదీలూ రాసిపెట్టు."